నేరేడు మరకకు రెడ్ ఇంక్ రిమార్కా?



జూన్‌లో స్కూల్ తెరిచిన రెండో వారం అది. లంచ్ బ్రేక్ అయ్యాక ఏడో తరగతికి బయాలజీ చెప్పడానికి వెళ్లాను. మూడో బెంచీలో ఒక బాబు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. చెయ్యి తీయమన్నాను. పెదవులు, నాలుక, వేళ్లు అన్నీ ఊదా రంగు. తెల్ల చొక్కా జేబు కింద అరచేతి వెడల్పున మరక. ఏమిటిదంటే, "నేరేడు పండ్లు మేడమ్. మా తాతయ్య ఊరి నుంచి తెచ్చారు" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను డైరీ తెప్పించి ఎర్ర ఇంకుతో రిమార్క్ రాశాను: "యూనిఫాం నీట్‌గా లేదు. మరకలు పడే పండ్లు స్కూల్‌కు పంపవద్దు."

మర్నాడు ఆ రిమార్క్ కింద వాళ్లమ్మగారి సంతకం, పక్కన "సారీ మేడమ్" అన్న మాట. ఆ రోజు నుంచి ఆ బాబు స్నాక్ బాక్సులో క్రీం బిస్కెట్లు వస్తున్నాయి. చొక్కా మాత్రం తెల్లగా ఉంటోంది.

అదే శనివారం పేరెంట్స్ మీటింగ్‌లో ఒకమ్మగారు నా దగ్గరికి వచ్చారు. "మేడమ్, బ్లూబెర్రీలు తింటే పిల్లలకు జ్ఞాపకశక్తి పెరుగుతుందట కదా! వారానికి రెండు డబ్బాలు కొంటున్నాం. యూనిట్ టెస్ట్ ముందు రోజుకు ఎన్ని పెట్టమంటారు?" అని అడిగారు. చిన్న ప్లాస్టిక్ డబ్బా, 125 గ్రాములు, మీద 299 రూపాయల స్టిక్కర్. "మేమిద్దరం రుచి కూడా చూడలేదండీ, పిల్లలకే పెడతాం" అన్నారు. వెనక ఇంకా పది మంది పేరెంట్స్ లైన్లో ఉన్నారు. "మంచిదే అండీ, పెట్టండి" అని పంపేశాను.

ఇంటికి వెళ్లాక ఈ రెండూ పక్కపక్కన గుర్తొచ్చి మనసు ఊరుకోలేదు. ఒక ఊదా పండుకు ఎర్ర ఇంకుతో రిమార్క్ రాశాను. ఇంకో ఊదా పండుకు చూడకుండానే సర్టిఫికెట్ ఇచ్చాను. జీవశాస్త్రం చదివి బీఈడీ చేసిన నేనే ఇలా చేస్తే ఎలా? ఆ రెండు తప్పులనూ దిద్దుకోవడానికే ఈ నెల ఈ పేజీ అడిగి తీసుకున్నాను.

బెర్రీ అంటే ఏది?

ముందు ఒక సరదా విషయం. వృక్షశాస్త్రం లెక్కలో స్ట్రాబెర్రీ అసలు బెర్రీ కాదు. టమాటా, వంకాయ, అరటి, ద్రాక్ష, జామ బెర్రీలే. మన నేరేడు కూడా బెర్రీయే. జామ, నేరేడు ఒకే కుటుంబం చెట్లు. ఈ మాట చెప్పినప్పుడు మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి, "అయితే మేం రోజూ బెర్రీలే తింటున్నాం కదా మేడమ్, వంకాయ కూర!" అంది. బజారు భాషలో మాత్రం చిన్నగా, రంగుగా, రసంగా ఉండే పండ్లన్నింటినీ బెర్రీలంటున్నారు. నేనూ ఈ వ్యాసంలో ఆ అర్థంలోనే వాడుతున్నాను.

ఆ ఊదా రంగులో ఏముంది?

నేరేడు, బ్లూబెర్రీ, నల్ల ద్రాక్ష, మల్బరీ, వంకాయ తొక్క: వీటన్నిటికీ ఆ ముదురు రంగునిచ్చేవి యాంథోసయనిన్లు అనే పదార్థాలు. గ్రీకు భాషలో 'పువ్వు', 'నీలం' అనే రెండు మాటలు కలిపి పెట్టిన పేరు అది. మొక్క వీటిని తన అవసరం కోసం తయారు చేసుకుంటుంది. ఎండ తీవ్రత నుంచి కాపాడుకోవడానికి, పండిన సంగతి పిట్టలకు తెలియజేసి గింజలు దూరం చేర్పించుకోవడానికి ఈ రంగు దానికి పనికొస్తుంది. బ్లూబెర్రీలో ఉండే డెల్ఫినిడిన్, పెట్యునిడిన్, మాల్విడిన్ అనే రకాలే నేరేడులోనూ ప్రధానంగా ఉంటాయి. నేరేడు తింటే నాలుక మీద తగిలే ఆ వగరు కూడా ఇలాంటి మొక్క పదార్థాలదే. అవి టానిన్లు. రంగూ వగరూ రెండూ పాలీఫెనాల్స్ అనే ఒకే పెద్ద గుంపుకు చెందుతాయి.

మరి మన ఒంట్లోకి వెళ్లాక ఇవి ఏం చేస్తాయి? చాలామంది "యాంటీ ఆక్సిడెంట్లు" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. పరీక్షనాళికలో అది నిజమే. శరీరంలో కథ వేరు. తిన్న యాంథోసయనిన్లలో చాలా తక్కువ భాగమే ఉన్నది ఉన్నట్టుగా రక్తంలోకి చేరుతుంది. మిగతాది పెద్దపేగుకు వెళ్తుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని చిన్నచిన్న ముక్కలుగా విడగొడుతుంది. ఆ ముక్కలు రక్తంలో కలిసి, రక్తనాళాల గోడలు సాగే గుణాన్ని కాస్త మెరుగుపరుస్తాయని పరిశోధకులు భావిస్తున్నారు. నాళాలు బాగా సాగితే గుండెకూ మెదడుకూ రక్తం బాగా అందుతుంది.

ఒకప్పుడు అమెరికా వ్యవసాయ శాఖ ఏ ఆహారంలో ఎంత యాంటీ ఆక్సిడెంట్ శక్తి ఉందో అంకెలతో ఒక పట్టిక పెట్టింది. ఆ అంకెలకూ మనిషి ఆరోగ్యానికీ నేరుగా సంబంధం లేదని, కంపెనీలు వాటిని అమ్మకాలకు వాడుకుంటున్నాయని 2012లో తనే ఆ పట్టికను తీసేసింది. పౌడర్ డబ్బాల మీద ఇప్పటికీ అలాంటి అంకెలు కనిపిస్తే ఈ సంగతి గుర్తు చేసుకోండి.

పిల్లల జ్ఞాపకశక్తి మాటేమిటి?

ఆ అమ్మగారు విన్నది పూర్తిగా పుకారు కాదు. ఇంగ్లండ్‌లోని రీడింగ్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. 8 నుంచి 10 ఏళ్ల పిల్లలకు ఒక రోజు బ్లూబెర్రీ పానీయం, ఇంకో రోజు అది లేని పానీయం ఇచ్చి, రెండు గంటల తర్వాత పరీక్షలు పెట్టారు. బ్లూబెర్రీ తాగిన రోజున, ముందు నేర్చుకున్న పదాల జాబితాను కాసేపటి తర్వాత పిల్లలు మెరుగ్గా గుర్తు చేసుకున్నారు.

ఇక్కడిదాకా చదివి ఆపేస్తే రేపే బ్లూబెర్రీలకు బయల్దేరతాం. మిగతాది కూడా చదవాలి. ఆ అధ్యయనంలో పాల్గొన్న పిల్లలు 14 మంది. మన ఒక సెక్షన్‌లో సగం కూడా కాదు. ఏకాగ్రత వంటి మిగతా పరీక్షల్లో తేడా కనిపించలేదు. పైగా ఒక అంశంలో ఫలితం తిరగబడింది: పాత జాబితా అడ్డొచ్చి కొత్త జాబితా నేర్చుకోవడం కష్టమైంది. శాస్త్రవేత్తలకు ఇది ముందుకు వెళ్లి ఇంకా పరీక్షించాల్సిన మంచి ఆధారం. యూనిట్ టెస్ట్ మార్కులకు హామీ మాత్రం కాదు.

పెద్దవాళ్ల మీద జరిగినవి ఇంకా బలమైన అధ్యయనాలు. అమెరికాలో 93,600 మంది నర్సుల ఆహారపు అలవాట్లను, ఆరోగ్యాన్ని 18 ఏళ్లు గమనించి 2013లో ఫలితాలు ప్రచురించారు. యాంథోసయనిన్లు ఎక్కువగా తిన్నవారిలో గుండెపోటు ముప్పు, అతి తక్కువగా తిన్నవారితో పోలిస్తే 32 శాతం తక్కువగా కనిపించింది. వాళ్లకు అవి ఎక్కువగా అందింది బ్లూబెర్రీ, స్ట్రాబెర్రీల నుంచి. మంచి వార్తే. అయితే ఇది గమనించి చెప్పిన లెక్క. బెర్రీలు తినేవాళ్లు సాధారణంగా నడక, నిద్ర, భోజనం విషయంలోనూ జాగ్రత్తగా ఉంటారు. పరిశోధకులు వాటిని లెక్కలోంచి తీసేయడానికి ప్రయత్నించారు, కానీ పూర్తిగా తీసేయడం ఎవరి వల్లా కాదు. గమనించండి, అది 18 ఏళ్ల అలవాటు ఫలితం. పరీక్ష ముందు రోజు తిన్న గుప్పెడు పండ్లది కాదు.

నా అభిప్రాయం ఇక్కడ సూటిగా చెబుతాను. బెర్రీలు మంచి ఆహారం. అవి జ్ఞాపకశక్తి మాత్రలు కావు. మాత్ర అనుకుంటే మనం భయంతో కొంటాం, ఆహారం అనుకుంటే అలవాటుగా తింటాం. మేలు చేసేది అలవాటే.

అదీ ఒకప్పుడు అడవి పండే

బ్లూబెర్రీ మొదటి నుంచీ సూపర్ మార్కెట్ పండు కాదు. 1910 ప్రాంతం వరకు అమెరికాలో దాన్ని అడవి పొదల నుంచి కోసుకునేవారు. తోటలో పెంచడం కుదరదనుకునేవారు. న్యూజెర్సీలో ఎలిజబెత్ వైట్ అనే మహిళ, ఫ్రెడరిక్ కొవిల్ అనే వృక్షశాస్త్రవేత్తతో కలిసి పని మొదలుపెట్టింది. పెద్ద పండ్లు కాసే పొదలు చూపించినవాళ్లకు డబ్బిచ్చింది. చుట్టుపక్కల అడవిని బాగా ఎరిగినవాళ్లే ఆ పొదలను వెతికి చూపించారు. 1916లో మొదటి తోట పంట అమ్మకానికి వచ్చింది. ఆ తర్వాత రైతుల సంఘాలు ఏర్పడ్డాయి. ఆ సంఘాలే పరిశోధనలకూ, ప్రచారానికీ డబ్బు పెడుతూ వచ్చాయి.

మన నేరేడుకు అలాంటి సంఘం లేదు. బ్లూబెర్రీ మీద జరిగినన్ని పరీక్షలు నేరేడు మీద జరగలేదు. అందుకే దాని గురించి పత్రికల్లో పెద్ద హెడ్డింగులు రావు. పండులో లోపం ఉండి కాదు. "పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు" అని మనవాళ్లు ఊరికే అనలేదు. చేతికందే దాన్ని లోకువ చేయడం మనకు పాత అలవాటే. పూజలో సంకల్పం చెప్పుకునేటప్పుడు మనం ఉండేది జంబూద్వీపం అంటాం. జంబూ అంటే నేరేడే. హైదరాబాద్‌లో నేరేడ్‌మెట్, సూర్యాపేట జిల్లాలో నేరేడుచర్ల ఉన్నాయి. ఊళ్లకు పేరు పెట్టుకున్న పండు మన పిల్లల బాక్సులోకి రావడానికి నామోషీ పడుతోంది. తప్పు నాలాంటి టీచర్లది కూడా.

మందు అనుకుంటే ముప్పు

నేరేడును పొగుడుతున్నాను కదా అని ఇంకో పక్కకు ఒరిగిపోకూడదు. ఇది మా ఇంట్లో జరిగింది. మా నాయనమ్మకు షుగర్. ఎవరో చెప్పారని నేరేడు గింజల పొడి మొదలుపెట్టింది. అంతవరకు సరే. "ఇది వేసుకుంటున్నా కదా" అని మాత్రలు మానేసింది, ఆ సంగతి మాకెవరికీ చెప్పలేదు. కాలికి చిన్న దెబ్బ తగిలి మానకపోతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. షుగర్ చాలా ఎక్కువగా ఉంది. కాలు దక్కింది. కానీ ఆ నెలన్నర మా నాన్న సరిగ్గా నిద్రపోలేదు.

షుగర్‌కు నేరేడు వాడడం ఆయుర్వేదంలో పాత పద్ధతి. ఎలుకల మీద జరిగిన కొన్ని ప్రయోగాల్లో ఫలితం కనిపించింది. బ్రెజిల్‌లో మాత్రం షుగర్ ఉన్న మనుషులకు నేరేడు ఆకుల టీ ఇచ్చి, మామూలు షుగర్ మాత్రతో పోల్చి చూశారు. మాత్ర పని చేసింది, టీ పని చేయలేదు. అందుకని మీ ఇంట్లో పెద్దవాళ్లు నేరేడు పండ్లు ఇష్టంగా తింటుంటే తిననివ్వండి. మాత్రలు వేసుకుంటున్నారో లేదో మాత్రం ఒకసారి అడగండి.

పిల్లల విషయంలో ఇదే పొరపాటు ఇంకో రూపంలో జరుగుతోంది. "బెర్రీ గమ్మీలు", "బెర్రీ బ్రెయిన్ పౌడర్లు", ఎండబెట్టిన తీపి క్రాన్‌బెర్రీలు. ప్యాకెట్ ముందు వైపు పండ్ల బొమ్మ ఉంటుంది. మీరు వెనక వైపు చదవండి. ఏ పదార్థం బరువులో ఎక్కువ ఉందో దాని పేరే జాబితాలో ముందు రాయాలన్నది నియమం. చక్కెర మొదటి రెండు మూడు పేర్లలో ఉంటే అది మిఠాయి కిందే లెక్క. జ్యూస్ కూడా అంతే. వడగట్టగానే పీచు పోతుంది, తీపి మిగులుతుంది. పండును పండుగానే తినాలి.

రక్తహీనతను మరిచిపోవద్దు

జ్ఞాపకశక్తి గురించి అంత ఆరాటపడే మనం, క్లాసులో పిల్లలు నీరసపడడానికి ఉన్న మామూలు కారణాన్ని వదిలేస్తున్నాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21 లెక్క ప్రకారం మన దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువైతే అలసట, చిరాకు, పాఠం మీద ధ్యాస నిలవకపోవడం మామూలే. పప్పు, ఆకుకూరల్లో ఉండే ఇనుము ఒంటికి పట్టాలంటే దానితో పాటు విటమిన్ సి కావాలి. వంద గ్రాముల జామకాయలో అది 200 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. అంతే బ్లూబెర్రీలో దాదాపు 10. ఉసిరి గురించి చెప్పనే అక్కర్లేదు. తోటకూర పప్పు అన్నం తిన్నాక ఒక జామ ముక్క, అన్నంతో పాటే టీ ఇవ్వకపోవడం: ఈ రెండు మార్పులకు మీ నెల బడ్జెట్ మారదు.

ఏ నెలలో ఏం పెట్టవచ్చు?

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 కేలరీల భోజనంలో 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండాలి. ఆ వంద గ్రాములు ఫలానా పండే కావాలని ఎక్కడా లేదు. నా సూచన ఇది:

జూన్, జూలై: నేరేడు. స్కూళ్లు తెరిచే సమయానికే వస్తుంది.

వానాకాలం: వాక్కాయలు. పుల్లగా ఉంటాయి కాబట్టి పప్పులోనో పచ్చడిలోనో వేయండి.

కార్తీకం: ఉసిరి. వనభోజనాల చెట్టు కిందే ఆగిపోకుండా ఇంటి భోజనంలోకీ రానివ్వండి.

సంక్రాంతి: రేగు పండ్లు. భోగినాడు పిల్లల తల మీద పోసిన చేత్తోనే నెలంతా వాళ్ల బాక్సులో పెట్టండి.

చలికాలం: లంబసింగి వైపు నుంచి, మహాబలేశ్వరం నుంచి స్ట్రాబెర్రీలు వస్తాయి. దొరికితే కొనండి.

వేసవి ముందు: నల్ల ద్రాక్ష. ఉప్పు నీళ్లలో కాసేపు ఉంచి, మంచినీళ్లతో బాగా కడగండి.

బ్లూబెర్రీలు కొనగలిగినవాళ్లు కొనుక్కోవచ్చు, అవీ మంచివే. కొనలేకపోయామని ఏ తల్లీ తండ్రీ మనసులో బాధపడాల్సిన పని మాత్రం లేదు. పావుకిలో నేరేడు యాభై అరవై రూపాయలకు వస్తుంది, ఇంట్లో నలుగురూ తినవచ్చు. అమ్మానాన్న తినని పండును పిల్లలు ఎక్కువ రోజులు తినరు. ఇది నేను లంచ్ డ్యూటీలో చూసి నేర్చుకున్నది.

రెండు జాగ్రత్తలు. నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకు ద్రాక్షను నిలువుగా చీల్చి పెట్టండి. నేరేడు, రేగు అయితే గింజ తీసి పెట్టండి. చిన్న గొంతులో అడ్డం పడే ప్రమాదం నిజంగానే ఉంది. మీ బాబుకో పాపకో షుగర్, కిడ్నీ సమస్య లేదా అలర్జీ ఉంటే డాక్టర్‌ను అడిగాకే మార్పులు చేయండి. వగరు నచ్చక మొదటిసారి ఉమ్మేస్తే కంగారు పడవద్దు. మర్నాడు మీరు తింటూ ఇంకొకటి ఇవ్వండి.

ఇక ఆ మరక సంగతి

నేరేడు మరకకు సబ్బు పెట్టగానే అది నీలంగా మారి ఇంకా భయపెడుతుంది. కారణం యాంథోసయనిన్లే. పులుపు తగిలితే ఎర్రబడతాయి, సబ్బు లాంటి క్షారం తగిలితే నీలంగా, ఆకుపచ్చగా మారతాయి. అందుకే ముందు చల్లటి నీళ్లు, తర్వాత నిమ్మరసం, ఆ తర్వాతే సబ్బు. ఇంట్లో మూడు గ్లాసుల్లో నేరేడు రసం పోసి, ఒకదాంట్లో నిమ్మరసం, ఇంకోదాంట్లో వంటసోడా వేసి పిల్లలతో చూపించండి. ఏడో తరగతి ఆమ్లాలు, క్షారాల పాఠం పుస్తకం తెరవకుండానే అర్థమవుతుంది.

నేను ఆ పనే చేశాను. ఆ బాబును పిలిచి, తాతయ్యగారిని అడిగి కొన్ని నేరేడు పండ్లు తెమ్మన్నాను. తెచ్చాడు, ఒక స్టీలు డబ్బా నిండా. ఆ రోజు క్లాసులో ప్రయోగం చేసింది వాడే. మిగిలిన పండ్లు అందరూ పంచుకున్నారు. బెల్ కొట్టేసరికి ముప్పై ఆరు నాలుకలు ఊదా రంగులో ఉన్నాయి, నాదీ కలిపితే ముప్పై ఏడు. డైరీలో పాత రిమార్క్ కొట్టేయలేను కాబట్టి కింద నీలం ఇంకుతో రాశాను: "పండ్లు దయచేసి పంపండి. మరక పడితే నేను చూసుకుంటాను."

మా స్కూల్‌కూ, తోటి టీచర్లకూ నా విన్నపం ఒక్కటే. పండు మరకను యూనిఫాం తప్పుల జాబితాలోంచి తీసేద్దాం. తల్లిదండ్రులుగా మీరు బాక్సుతో పాటు ఒక ముదురు రంగు చేతి రుమాలు పంపండి. మీ అబ్బాయి ఊదా నాలుకతో ఇంటికి వస్తే కోప్పడకండి. ఒక పండైనా మిగిల్చాడేమో బాక్సు తెరిచి చూసి, అది మీరు తినండి.